ఐర్లాండు మొదటి రాష్ట్రపతీ, మా పక్కింటి అక్కా

నా చిన్నప్పుడు మా ఊళ్లో సర్పంచి ఎన్నిక అంటే ఓట్లు వేసుకోవడం కాదు. ముదిగుబ్బ దగ్గర మెట్ట ఊరు మాది. మా పై వీధి, అవతల కింది వీధి అని రెండు పార్టీలు. ప్రతిసారీ మా నాయన ఒక్కడే నామినేషన్ వేసేవాడు. ఇంకెవరైనా వేస్తారేమోనన్న అనుమానం వస్తే మా చిన్నాయనలు ముందే వాళ్లింటికి పోయి మాట్లాడి వచ్చేవాళ్లు. దాన్నే ఏకగ్రీవం అనేవాళ్లు. నేనూ అదే అనుకుని పెరిగాను.

నేను ఎనిమిదిలో ఉండగా బడికి లీడరును ఎన్నుకోవాల్సి వచ్చింది. జెండా పండుగనాడు అందరిచేతా సెల్యూట్ చేయించేది లీడరే. ఎదురుగా కుర్చీలో మా నాయన ఉంటాడు. మగపిల్లలు లేరని ఎప్పుడూ నొచ్చుకునే మనిషి. ఆ ఒక్కరోజు నన్ను చూసి మీసం మీద చెయ్యి వేసుకుంటే చాలనుకున్నాను. అందుకే మా చిన్నాయనల పద్ధతే పట్టుకుని, బెంచీ బెంచీకీ పోయి, "పేరు ఇచ్చినారంటే చూడండి మల్ల!" అని చెప్పి వచ్చాను.

ఆ సంగతి మా సోషల్ అయ్యవారి చెవిన పడింది. తిడతాడనుకుంటే పడీ పడీ నవ్వాడు. పెద్ద పిల్లలందర్నీ ఒకచోట కూర్చోబెట్టి ఐర్లాండు కథ ఎత్తుకున్నాడు. అదీ మనలాగే ఇంగ్లీషువాళ్ల కింద నలిగిన దేశమట. వాళ్ల పెత్తనం పోయినాక అన్నదమ్ములే రెండు పక్షాలై కాల్చుకున్నారట. అయినా కొన్నేళ్లకు రాష్ట్రపతి పదవి పెట్టుకున్నప్పుడు రెండు పక్షాలూ ఒకే పేరు చెప్పాయట. తుపాకి పట్టినవాడు కాదు, వాళ్ల భాష చచ్చిపోకూడదని ఊరూరా తిరిగిన ముసలి పండితుడు. అదీ ఆ దేశంలో కొద్దిమందే ఉన్న మతశాఖవాడు. ఓటింగే జరగలేదట. మరణశిక్ష పడి బతికి బయటపడ్డ పెద్ద నాయకుడికి కూడా ఆ కుర్చీ చాలా ఏళ్ల తర్వాతే దొరికిందట.

"అదప్పా ఏకగ్రీవమంటే. ఇప్పుడు మీరు చెప్పండి. ఎవురూ మీ పార్టీవోళ్ల పేరు మాత్రం చెప్పగూడదు," అన్నాడు.

కింది వీధి పిల్లలు మా పక్కింటి అక్క పేరు చెప్పారు. మా వీధి పిల్లలూ ఆ పేరే చెప్పారు. అక్కావాళ్లు ముస్లింలు. ఇల్లు రెండు వీధులూ కలిసే మలుపులో, మా గోడకు ఆనుకుని ఉండేది. వాళ్ల నాన్న టైలరు, రెండు పార్టీల చొక్కాలూ కుట్టేవాడు. బళ్లో ఎవరి పావడా చిరిగినా అది ఏ వీధి పావడా అని చూడకుండా అక్క సూది తీసేది.

నాకు ఒళ్లు మండిపోయింది. చివర్లో అయ్యవారు నన్ను లేపాడు. కింది వీధిలో ఎవరి పేరైనా చెప్పి అక్కకు అడ్డం పడదామనుకున్నాను. ఒక్క పేరూ నోటికి రాలేదు. వాళ్లలో ఎవరితోనూ మాట్లాడి ఎరగను మరి! ఏడుస్తూ అక్క పేరే చెప్పాను.

ఇంటికి పోయేటప్పుడు అక్క, "మే, నువ్వే చేయించు సెల్యూట్, నాకేమొద్దు," అంది. ఆ మంచితనం చూసి ఇంకా మండింది. జెండా పండుగనాడు మా నాయనా, కింది వీధి పెద్దాయనా పక్కపక్కన కూర్చుని అక్కకు చప్పట్లు కొట్టారు. "ఎంత బాగా చేయించిందప్పా ఆ పాప!" అన్నాడు నాయన. అది నాకు రావాల్సిన మాట.

ఆ తర్వాతెప్పుడో ఐర్లాండులో వరుసగా ఇద్దరు ఆడవాళ్లు రాష్ట్రపతులయ్యారని పేపర్లో చదివి, ముక్కూ మొహం తెలియని వాళ్లమీద కూడా కుళ్లుకున్నాను.

నేనూ సర్పంచినయ్యాను, ఓట్లతోనే. పోటీకి దిగినవాళ్ల ఇళ్లకు మావాళ్లను పోనివ్వలేదు. కింది వీధిలో గడప గడపా ఎక్కాను. ఇప్పుడు అక్కడి పిల్లల పేర్లన్నీ నాకు తెలుసు. అయ్యవారి పాఠం ఆ మాత్రం వంటబట్టింది. అయినా మొన్న బోరు నీళ్ల దగ్గర తగాదా వస్తే, రెండు వీధులవాళ్లూ నా వాకిలి ముందు నుంచే, ఇప్పటికీ ఆ మలుపు ఇంట్లోనే ఉన్న అక్క దగ్గరికి పోయారు. నన్ను ఒక్కరూ పలకరించలేదు. పలకరించి, తీర్పు ఎవరిని అడగమంటావని అంటే, నేనూ అక్క దగ్గరికే పొమ్మనేదాన్ని. నా కడుపుమంటంతా అదే.