ఒంటి చక్రం మొక్కు

హిందూపురంలో నేను ఒంటి చక్రం సైకిలెక్కితే చాలు, "ఏమప్పా, రెండో చక్రం యాడ పోగొట్టుకుంటివి?" అని అడగనివాడు ఉండడు. విని విని నాకు ఒళ్లు మండేది. అందుకే ఆదివారాలు రోడ్డు వదిలేసి, పెనుకొండ వైపు వేరుశనగ చేల మధ్య మట్టిబాట పట్టేవాణ్ణి. గతుకుల మీద చేతులు చాచి ఊగుతూ పోతుంటే ప్రాణానికి హాయిగా ఉండేది.

ఒకరోజు ఆ బాటలో, నుదుట ఇంత కుంకుమబొట్టుతో ఒక అవ్వ గడ్డిమోపు పక్కన పెట్టుకుని మోకాళ్లు ఒత్తుకుంటోంది. నన్ను చూసి లేచి నిలబడింది. నేను దిగగానే చేతులు జోడించింది.

"పెనుకొండ దర్గాకా నాయనా? ఇంత కష్టమైన మొక్కు మొక్కుకుంటివే, ఇంట్లో ఎవరికి బాగలేదు?"

మొక్కూ లేదు ఏమీ లేదు, సరదాకి తొక్కుతున్నానని చెప్పబోయాను. అంతలో ఆమె కళ్లలో నీళ్లు కనిపించాయి.

"అమ్మకు" అనేశాను. మా అమ్మ ఆ పొద్దున నిక్షేపంగా ఉగ్గాని తిని టీవీ చూస్తోంది.

అవ్వ కొంగుముడి విప్పి పచ్చి వేరుశనక్కాయలు నా జేబులో పోసింది. "మీ యమ్మకు బాగయితాదిలే. ఆడ నా మోకాళ్ల మాట గూడా ఒకటి చెప్పు నాయనా" అంది.

నేను గుడికి గానీ దర్గాకు గానీ పోయే మనిషిని కాను. ఆ రోజు మాత్రం పెనుకొండ దాకా ఎక్కడా కాలు కింద పెట్టకుండా తొక్కాను. దర్గా గడప దగ్గర నిలబడి ముందు ఆమె మోకాళ్ల మాట చెప్పాను. తర్వాత, నా అబద్ధాన్ని నిజం చేయొద్దని వేడుకున్నాను.