జపాన్ సార్ ముందు వేసిన వేషం

మొన్న మధ్యాహ్నం దోహాలో, అల్ సద్‌లోని మా అమ్మాయి ఫ్లాట్‌లో కూర్చుని టీవీ చూస్తుంటే ఏదో పాత అమెరికా కార్టూన్ వచ్చింది. ఎత్తుపళ్ళు, సోడాబుడ్డి కళ్ళద్దాలు, మాటకు ముందు పదిసార్లు వంగే జపాన్ సైనికుడు. యుద్ధం రోజుల్లో జపాన్ వాళ్ళను అవమానించడానికే ఇలాంటివి తీశారని అమ్మాయి చెప్పబోతే, నాకు తెలుసన్నాను. ఎలా తెలుసో చెప్పాలంటే, వీడియో క్యాసెట్ల కాలం చూసిన మన ఈడువాళ్ళకైతే సులువు.

ముప్పై ఏళ్ళ క్రితం ఇదే ఖతర్‌లో, ఉత్తరాన మదీనత్ అల్ షమాల్ దగ్గర ఒక కట్టడం పనిలో ఉండేవాణ్ణి. గల్ఫ్ అంటే దుబాయే అనుకునే మా ఊళ్ళో వాళ్ళకు మాత్రం నేను దుబాయ్‌లో ఉన్నట్టే లెక్క. మా ఇంజనీరు జపాన్ ఆయన. పార పట్టిన నన్ను పక్కన నిలబెట్టుకుని, ఒకరి భాష ఒకరికి రాకపోయినా వేలితో చూపించి, నేల ఎత్తుపల్లాలు కొలిచే లెవెల్ మెషిన్ చూడడం నేర్పింది ఆయనే. ఆ తర్వాత మట్టి మోయాల్సిన అవసరం నాకు రాలేదు.

శుక్రవారం సెలవు రోజున క్యాంప్‌లో వీడియో పెట్టేవారు. ఓసారి ఎవరో తెచ్చిన క్యాసెట్‌లో అచ్చం ఇలాంటి బొమ్మలే ఉన్నాయి. ఇంగ్లీషు రాని మేము, ఇది జపాన్ వాళ్ళు తమ మీద తామే వేసుకున్న హాస్యమనుకున్నాం. నేనేమో పగటివేషాలు చూస్తూ పెరిగినవాణ్ణి. వేషగాడు దొర ముందే దొర వేషం కట్టి, ఆయన్నే నవ్వించి మెప్పు పొందడం మా వైపు మర్యాద. అందుకే ఇంజనీరు గారు స్వదేశం వెళ్తున్నారని మెస్‌లో విందు పెట్టుకున్నప్పుడు, కృతజ్ఞత చెప్పడానికి అంతకు మించిన దారి తోచక, అట్టముక్కతో పళ్ళు పెట్టుకుని, కళ్ళు చిట్లించి, ఆ వేషం వేశాను. అందరూ పడీపడీ నవ్వారు. ఆయన చివరిదాకా నిటారుగా కూర్చుని, అందరితో పాటు చప్పట్లు కొట్టి, నాకు తలవంచి నమస్కరించి వెళ్ళిపోయారు. నేను పొంగిపోయాను.

డ్యూటీ వల్ల విందుకు రాలేకపోయిన మా ఫోర్‌మన్, కాస్త ఇంగ్లీషు తెలిసిన హైదరాబాదీ ముస్లిం, సంగతి విని మర్నాడు తల కొట్టుకున్నాడు. "అరే భాయ్, గది జపానోళ్ళు తీసింది కాదు. లడాయిల అమెరికోళ్ళు వాళ్ళను కోతులోలె చూపెట్టి నవ్విండ్రు. నువ్వు పోయి గాయన ముందట్నే ఏసినవా!" ఆఫీసు గదికి పరుగెత్తాను. ఆయన అప్పటికే ఎయిర్‌పోర్టుకు వెళ్ళిపోయారు. అంత సిగ్గు నా బతుకులో మళ్ళీ పడలేదు.

మన కాలంలో గల్ఫ్ విడిచిపోయినవాడు మళ్ళీ కనబడితే గొప్ప. ఇప్పుడు పేరొక్కటి చాలట, ప్రపంచంలో ఎక్కడున్నా దొరుకుతాడట. "గాయన పేరు చెప్పు బాపూ, వెతుకుదాం, మాట్లాడుదువు" అంది ఇదంతా విన్న అమ్మాయి. రెండేళ్ళు రోజూ ఆయన పక్కనే నిలబడ్డాను. మేమంతా ఆయన్ని జపాన్ సార్ అనే పిలిచేవాళ్ళం. పేరేమిటని నేనెన్నడూ అడగలేదు.