ముప్ఫై ఒక్కసారి పరీక్ష తప్పిన మాస్టారు

లువాన్ మాస్టారికి తాగుడు లేదు, పేకాట లేదు, సిగరెట్టు కూడా ముట్టడు. ఉన్నది ఒకే ఒక్క వ్యసనం, పరీక్షలు రాయడం. పోనీ పెద్దవాళ్ళు రాసే పరీక్షలా అంటే అదీ కాదు. విదేశాల్లో హైస్కూల్లో చేరాలంటే పిల్లలు ఇంగ్లీషు పరీక్ష ఒకటి రాయాలి చూడండి, అది. పన్నెండేళ్ళ వాళ్ళూ, పధ్నాలుగేళ్ళ వాళ్ళూ కూర్చునే బల్లల మధ్య ఆ నలభై తొమ్మిదేళ్ళ మనిషి మోకాళ్ళు ముడుచుకుని ఇరుక్కుని కూర్చుని, శ్రద్ధగా పరీక్ష రాసేవాడు. రాసిన ప్రతిసారీ తప్పేవాడు.

తప్పితే తప్పాడు, ఎవరికి నష్టం అనుకోవచ్చు. కానీ వెయ్‌హాయ్ ఊళ్ళో పిల్లల్ని ఆ పరీక్షకి తయారుచేసే కోచింగు సెంటరు నడిపేది కూడా ఆయనే!

పరీక్ష జినాన్‌లో. పొద్దున్నే రైలెక్కి పోవాలి. అక్కడ గేటు దగ్గర ప్రతిసారీ ఒకటే తంతు.

"తల్లిదండ్రులు లోపలికి రాకూడదండీ. బయట నిలబడండి."

"నేను ఎవరి తండ్రినీ కాదమ్మా, పరీక్ష రాయడానికొచ్చా."

"మీరా? మీ వయసెంత?"

"రూల్లో ఏం రాశారు? పదకొండేళ్ళు నిండాలన్నారు. నాకు నిండాయి. నిండి ముప్ఫై ఎనిమిదేళ్ళయింది."

రూలు రాసిన మహానుభావులు కింది వయసు రాశారు గానీ పై వయసు రాయడం మర్చిపోయారు. ఆ అమ్మాయి కాగితాలు అటూ ఇటూ తిప్పి, చేసేదేం లేక లోపలికి పంపేది. పిల్లలు తలలు దించుకుని ఆయన ఎవరో తెలియనట్టు నడిచేవాళ్ళు.

ఈ కథ ఊరంతా టముకు వేసింది గుయ్‌ఫాంగ్. ఆవిడకి గాలం కర్రలు తయారుచేసే చిన్న ఫ్యాక్టరీ ఉంది. పన్నెండు మంది ఆడవాళ్ళు పనిచేస్తారు. యంత్రాల మోత మించి ఆవిడ గొంతు వినపడుతుంది. అలాంటి తల్లి కడుపున పుట్టిన సూనింగ్ మాత్రం మూగనోము పట్టిన పిల్ల. పధ్నాలుగేళ్ళు వచ్చాయి, ఇంతవరకూ ఎవరితోనూ గట్టిగా మాట్లాడిన పాపాన పోలేదు. ఊళ్ళో మిగతా రెండు కోచింగు సెంటర్లూ ఆ పిల్లని చూసి చేతులెత్తేశాయి. గతిలేక గుయ్‌ఫాంగ్ లువాన్ మాస్టారి దగ్గర చేర్పించింది.

సూనింగ్‌కి ఇంగ్లీషు రాక కాదు. చదవడం, రాయడం, వినడం అన్నిట్లోనూ నూటికి తొంభై తెచ్చుకునేది. చిక్కంతా మాట్లాడే దగ్గరే వచ్చింది. ఒకే గదిలో ముప్ఫై మంది, ఒక్కొక్కరి చెవులకి హెడ్‌ఫోన్, నోటి ముందు మైకు. గంట కొట్టగానే ముప్ఫై మందీ ఒకేసారి మాట్లాడాలి. ఒక్క నిమిషం. మళ్ళీ గంట కొడితే రికార్డింగు ఆగిపోతుంది. సూనింగ్‌ని చిన్నప్పట్నుంచీ పెంచింది నాయనమ్మ. అవతలివాళ్ళు మాట్లాడుతుంటే మధ్యలో నోరు విప్పకూడదని అన్నంతో పాటు నేర్పి పెంచింది.

మొదటిసారి పరీక్ష అయ్యాక తల్లి అడిగింది.

"ఏం మాట్లాడావే?"

"ఏం మాట్లాడలేదమ్మా."

"ఎందుకని?"

"అందరూ మాట్లాడుతున్నారుగా. వాళ్ళవి అయిపోనీ అనుకున్నా."

"అయ్యాక?"

"అందరూ ఆగాక నేను మొదలుపెట్టా. అప్పటికి మైకు ఆగిపోయింది."

గుయ్‌ఫాంగ్ నెత్తి కొట్టుకుంది. రెండోసారీ అదే వరస. ఆ భాగంలో సున్నా. ఇక మిగిలింది డిసెంబరు పరీక్ష ఒక్కటే. కెనడాలో సముద్రం ఒడ్డున ఒక స్కూలుంది, చదువుతో పాటు చెక్క పడవలు కట్టడం నేర్పుతారక్కడ. ఆ స్కూలు బొమ్మని సూనింగ్ మంచం పక్కన అంటించుకుని రెండేళ్ళయింది. నోరు తెరిచి ఏదీ అడగని పిల్ల అడిగిన ఒకే ఒక్క కోరిక అది. జనవరి మొదటివారంలోగా మార్కులు పంపకపోతే ఆ సీటు లేనట్టే.

గుయ్‌ఫాంగ్ ఊరుకుంటుందా? ఫ్యాక్టరీలో పన్నెండు మందినీ వరసగా నిలబెట్టింది. "నేను చప్పట్లు కొట్టగానే అందరూ నోటికొచ్చింది అరవండే. మా పిల్ల మధ్యలో ఇంగ్లీషు మాట్లాడుతుంది!" అంది. వాళ్ళు అత్తల మీద కసి అంతా తీర్చుకుంటూ అరగంట అరిచారు. సూనింగ్ ఓపిగ్గా నిలబడి అందరిదీ వింది. అయ్యాక వెళ్ళి పన్నెండు గ్లాసుల్లో వేణ్ణీళ్ళు తెచ్చి, "గొంతులు నొప్పెట్టి ఉంటాయి పిన్నీ, తాగండి" అంది.

పరీక్ష రెండు రోజులుందనగా లువాన్ మాస్టారు ఫ్యాక్టరీకి వచ్చాడు.

"మాస్టారూ, పిల్లకి మాట్లాడ్డం నేర్పుతారనుకుంటే మీరిలా వచ్చారేంటి?"

"ఏం లేదండీ సూనింగ్ వాళ్ళమ్మగారూ. గాలం కర్ర ఎలా చేస్తారో చూద్దామని."

"ఇప్పుడా!"

"ఇప్పుడే చూడాలనిపించింది."

గంటసేపు ప్రతి యంత్రం దగ్గరా ఆగి, ఇదేంటి, అదేంటి అని ప్రాణం తీశాడు. గుయ్‌ఫాంగ్ విసుక్కుని కూతురికి అప్పజెప్పి పోయింది. ఆ పిల్ల నడక రాకముందే కర్రల మధ్య పాకింది కాబట్టి, అన్నీ చేత్తో ముట్టుకుని మెల్లగా వివరించింది. ఆయన చిన్న పుస్తకంలో అన్నీ రాసుకున్నాడు. వెళ్తూ వెళ్తూ, "మీ కర్రలు భలే గట్టివండీ" అన్నాడు. "ఆ మాత్రం మాకు తెలుసు లెండి, మీరు వెళ్ళి చదువుకోండి, మళ్ళీ తప్పుతారు" అంది గుయ్‌ఫాంగ్.

పరీక్ష రోజు పొద్దున పిల్లకి ఆనవాయితీ ప్రకారం నూనెలో వేయించిన పొడుగాటి రొట్టె ఒకటి, పక్కన రెండు కోడిగుడ్లు పెట్టింది. ఒకటి పక్కన రెండు సున్నాలు, నూటికి నూరన్నమాట. తను పెళ్ళినాటి ఎర్ర చీపావ్ తొడుక్కుంది. పరీక్ష రోజున తల్లి ఆ గౌను వేసుకుంటే పిల్లలు గెలుస్తారంటారు. డిసెంబరు చలిలో, పెళ్ళయిన ఈ పదిహేనేళ్ళలో పెరిగిన ఒళ్ళు ఆ గౌనులో పట్టక, పైన దూదికోటు కప్పుకుని, జినాన్‌లో గేటు బయట గజగజ వణుకుతూ నిలబడింది. లువాన్ మాస్టారు ఎప్పట్లాగే గేటు దగ్గర తన వయసు గురించి వాదించి లోపలికి పోయాడు.

రెండున్నర గంటల తర్వాత తలుపులు తెరుచుకున్నాయి. సూనింగ్ అందరికన్నా ముందు వచ్చింది. మొహం కందగడ్డలా ఉంది.

"అమ్మా! నేనింక ఆయన దగ్గర చదవను!"

గుయ్‌ఫాంగ్ అదిరిపడింది. ఆ పిల్ల అంత గట్టిగా మాట్లాడగా ఆవిడ వినడం అదే మొదలు.

"ఏమైందే?"

"నీకు తెలిసిన పని ఒకటి ఎలా చేస్తారో చెప్పమని అడిగారు. ప్రతిసారీ అడిగేదేలే. గంట కొట్టగానే అందరూ మొదలుపెట్టారు. నేను... నేను ఆగాను."

"మళ్ళీనా! అయ్యో రాతా!"

"ఆగు, చెప్పనీ! మా వెనక వరసలోంచి మాస్టారు ఒకటే అరుపు. గాలం కర్ర చెయ్యడం చాలా తేలికంట. వెదురు బొంగు ఒకటి కొట్టుకొచ్చి నూడుల్స్‌తో పాటు ఉడకబెట్టాలంట. తర్వాత నిక్కరు నాడాతో చుట్టాలంట!"

"నాడాతోనా!"

"పది నిమిషాల పనంట! మా ఊళ్ళో గుయ్‌ఫాంగ్ అనే ఆవిడ అలాగే చేస్తుంది, ఆవిడ కర్రకి బుల్లి రొయ్య తగిలినా ఫట్టున విరిగిపోతుంది అన్నాడమ్మా!"

"నా కర్రలా? విరుగుతాయా? వాడి నోరు పడిపోను! నిన్న కాక మొన్న గట్టివన్నాడే! ఎక్కడున్నాడా మనిషి?"

"నాకు ఒళ్ళు మండిపోయింది. కాదు, తప్పు, అలా కాదు అని అరిచేశా. కార్బన్ గుడ్డ కోసి, ఇనప కడ్డీకి చుట్టి, టేపు వేసి, పొయ్యిలో కాల్చి, కడ్డీ లాగేసి, గరుకు కాగితంతో రుద్ది, ఆ తర్వాత కదా రంగు! ఒక్కోదానికి మూడు రోజులు పడుతుంది కదా! అన్నీ చెప్పేశా."

గుయ్‌ఫాంగ్ నోట్లో సగం వచ్చిన తిట్టు అక్కడే ఆగిపోయింది.

"ఎవరికి చెప్పావే?"

"ఆయనకే! అంటే... మైకులో."

"ఇంగ్లీషులోనా?"

"ఆయన వాగింది ఇంగ్లీషులోనే కదా."

"అందరూ మాట్లాడుతుంటేనే?"

"గంట కొట్టేదాకా ఆపలేదు. వెనక్కి తిరిగి చూస్తే, ఆయన మైకుని నుదుటి మీదకి కళ్ళజోడులా తోసేసుకుని, నాకేసి చూస్తూ నవ్వుతున్నాడు. సిగ్గులేదూ?"

గుయ్‌ఫాంగ్ ఆ ఎర్ర గౌనుతోనే మెట్ల మీద కూలబడింది. కుట్టు ఒకటి ఫర్రుమని పోయింది. పోతే పోయిందనుకుని, కూతుర్ని దగ్గరకి లాక్కుని ఏడ్చింది.

పది రోజులకి మార్కులొచ్చాయి. మాట్లాడే భాగంలో సూనింగ్‌కి మరీ గొప్పగా ఏం రాలేదు గానీ, కెనడా స్కూలు అడిగినదానికన్నా రెండు మార్కులు ఎక్కువే వచ్చాయి. ఆ మధ్యాహ్నమే గుయ్‌ఫాంగ్ ఒక చేత్తో తన ఫ్యాక్టరీలో చేసిన మేలురకం కర్ర, ఇంకో చేత్తో పెద్ద గిన్నె నిండా చేప కుడుములు పట్టుకుని కోచింగు సెంటరుకి బయల్దేరింది. కర్రలు విరుగుతాయన్నందుకు ముందు దులిపేసి, కూతుర్ని గట్టెక్కించినందుకు ఆ తర్వాత దణ్ణం పెడదామని ఆవిడ ఉద్దేశం.

మాస్టారు గదిలో ఒక్కడే ఉన్నాడు. బల్ల మీద ఆయన మార్కుల కాగితం. ఈవిణ్ణి చూడగానే దాని మీద గబుక్కున టీ గ్లాసు పెట్టాడు. గుయ్‌ఫాంగ్ కళ్ళు ఆయన చేతికన్నా చురుకైనవి. గిన్నె బల్ల మీద దించి, గ్లాసు తీసి పక్కన పెట్టింది.

చదవడంలో నూటికి నూరు. వినడంలో నూరు. రాయడంలో నూరు. మాట్లాడ్డంలో సున్నా. పక్కన ఒక ముక్క, రికార్డింగులో ఏమీ లేదని.

"మైకు నుదుటి మీద పెట్టుకుంటే ఏముంటుంది?" అంది మెల్లగా.

"అది నోటికి అడ్డమండీ. నేను చెప్పేది దానికి కాదుగా."

"ముప్ఫై ఒక్కసారీ ఇంతేనా మాస్టారూ?"

"మొదటిసారి నిజంగానే రాద్దామని వెళ్ళా. పక్కన ఒక బక్కపిల్లాడు బిక్కచచ్చి కూర్చుని ఉన్నాడు. వాడి కోసం ఏదో తప్పు వాగాను. కోపమొచ్చి మాట్లాడేశాడు. ఇక అలవాటైపోయింది. మర్యాద గల పిల్లలకి మాట్లాడమంటే రాదండీ. తప్పు చెప్తే మాత్రం ఊరుకోలేరు. ఏ పిల్లకి ఏ తప్పు పనికొస్తుందో తెలుసుకోవడమే కష్టం. పోయినసారి మీ అమ్మాయి కోసం కుడుముల గురించి ఘోరంగా చెప్పాను. పాపం, అది కూడా పెద్దాయన చెప్తున్నాడని మర్యాదగా వింది. అందుకే మీ ఫ్యాక్టరీ దాకా రావాల్సొచ్చింది."

తిట్టడానికొచ్చిన సంగతే మర్చిపోయి గుయ్‌ఫాంగ్ కుడుముల గిన్నె ఆయన ముందుకి జరిపింది. కర్ర ఆయన చేతిలో పెట్టింది.

"మా పిల్ల పడవలు కట్టుకునేది మీ పుణ్యమే మాస్టారూ. నేను ఊరంతా మిమ్మల్ని ఆడిపోసుకున్నా. ఇప్పుడు ఊరంతా తిరిగి నిజం చెప్తాను. ఇంటింటికీ వెళ్ళి చెప్తాను."

ఆయన కంగారుపడి లేచాడు. "అమ్మ తల్లీ, కొంప ముంచకండి! తెలిస్తే పిల్లలకి కోపం ఎలా వస్తుంది? నవ్వొస్తుంది. నవ్వొస్తే ఎవరూ నన్ను సరిదిద్దరు. ఎవ్వరికీ చెప్పొద్దు."

"ఒట్టు" అంది గుయ్‌ఫాంగ్. జన్మలో ఒక్క రహస్యం కూడా కడుపులో దాచుకోని మనిషికి ఎంత కష్టం వచ్చిందో చూడండి.

వరండాలోకి వచ్చేసరికి కళ్ళజోడు పెట్టుకున్న ఒకావిడ నిలబడి ఉంది. ఆవిడ కోటు వెనక దాక్కుని పదమూడేళ్ళ పిల్ల నేల చూపులు చూస్తోంది.

"ఏమండీ, ఆ పరీక్ష తప్పే మాస్టారు ఇక్కడేనా? మీ పిల్ల ఇక్కడే చదివిందట కదా. ఆయనకి అసలు ఇంగ్లీషు వచ్చాండీ?"

గుయ్‌ఫాంగ్ పెదాలు రెండుసార్లు తెరుచుకుని మూతపడ్డాయి. గట్టిగా ఊపిరి పీల్చుకుంది.

"ఆయనకా? ఒక్క ముక్క వస్తే ఒట్టు! ముప్ఫై ఒక్కసారి తప్పాడు. అంత దద్దమ్మ ఈ షాన్‌డాంగ్ రాష్ట్రం మొత్తంలో లేడు. నోరు తెరిస్తే అన్నీ తప్పులే!" అంది, లోపలికి కూడా వినపడేలా. లోపల ఎవరో కుడుము గొంతుకి అడ్డంపడి దగ్గారు.

"అయ్యో, అలాగా" అని ఆవిడ వెనక్కి తిరగబోయింది.

"ఉండండి, ఎక్కడికి? మీ పిల్ల మాట్లాడదా?"

"నలుగురున్న చోట నోరే విప్పదండీ."

"అయితే ఇంకేం ఆలోచించకండి, ఈ రోజే చేర్పించండి" అని, గుయ్‌ఫాంగ్ ఆ పిల్ల చెయ్యి తనే పట్టుకుని లోపలికి తీసుకెళ్ళి, మాస్టారికి ఎదురుగా కూర్చోబెట్టి, చేతిలో రెండు కుడుములు పెట్టి వచ్చింది.