తిట్లకు అనుమతి ఉన్న గది

ఆసుపత్రి కింది అంతస్తులో, ఎక్స్‌రే గది దాటాక కుడివైపు చివరి తలుపు ఆమెది. తలుపు మీద బోర్డులో ఉన్న పేరు వేరు, జనం పిలిచే పేరు వేరు. కాలిన చేతులు, విరిగి అతుక్కున్న చేతులు, మెషీన్లలో పడి ఎలాగో బయటపడ్డ చేతులు పొద్దున్నే వచ్చి ఆ తలుపు ముందు బెంచీ మీద వరసగా కూర్చుంటాయి. "లోపల రాక్షసక్క ఉందా?" అని అడుగుతాయి. ఉంటుంది. ఇరవై నాలుగేళ్ళ ఉద్యోగంలో ఆమె పెట్టిన సెలవులు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. ఆ వేళ్ళు కూడా ఆమె సాగదీసినవే అయ్యుంటాయి.

ఆ పేరంటే ఆమెకు కోపం లేదు. పైగా కాస్త గర్వం. కొత్తగా వచ్చిన డాక్టరెవరైనా మొహమాటపడి "మేడమ్" అంటే, ఎవరినో పిలుస్తున్నారనుకుని వెనక్కి తిరిగి చూస్తుంది.

గదిలో ఒక బల్ల, మూడు కుర్చీలు, కరిగిన మైనం ఉండే తొట్టి, నూనె సీసా. గోడకు ఒక అట్టముక్క. దాని మీద ఆమె తన గుండ్రటి అక్షరాలతో రాసిన నియమాలు రెండే. ఒకటి, చెయ్యి లాక్కోకూడదు. రెండు, ఎంతైనా తిట్టవచ్చు.

కాలిన చర్మానికి ఒక పాడు గుణం ఉంది. మానుతూ మానుతూ ముడుచుకుపోతుంది. అరచేయి కాలిందంటే వేళ్ళు రోజుకు కాస్త చొప్పున లోపలికి వంగిపోతాయి. పట్టించుకోకపోతే అలాగే బిగుసుకుపోతాయి. అలా కాకుండా ఉండాలంటే రోజూ ఆ చేతిని మైనంలో ముంచి తీసి, నూనె రాసి, మచ్చ తెల్లబడేదాకా సాగదీసి, ఇరవై అంకెలు లెక్కపెట్టేదాకా పట్టుకోవాలి. తర్వాత వదలాలి. మళ్ళీ పట్టుకోవాలి. ఇలా నాలుగు నెలలు, ఒక్కోసారి ఆరు. ఆ నొప్పి ఎలా ఉంటుందో చెప్పడం నావల్ల కాదు. పడ్డవాళ్ళ తిట్లను బట్టి ఊహించుకోవాల్సిందే.

తాళాలు బాగుచేసే ఒకాయన ఆమె వంశంలో ఏడు తరాలవాళ్ళనూ వరసపెట్టి నరకానికి పంపించి, బయట తాళం కూడా వేశాడు. రిటైరైన ఒక హెడ్‌మిస్ట్రెస్‌కు మాత్రం తిట్లే రావు. కళ్ళనీళ్ళు ధారగా కారుతుంటే "నువ్వు... నువ్వు ఒట్టి క్రమశిక్షణ లేని మనిషివి!" అందావిడ. "ఇది చాలదు టీచరుగారూ, రేపటికి ఓ రెండు నేర్చుకుని రండి" అంది రాక్షసక్క, పట్టు వదలకుండా.

బయట బెంచీ మీది చుట్టాలు ఆ కేకలు విని "అయ్యో పాపం" అంటూ ఉంటారు. ఆ మాట వింటే రాక్షసక్కకు ఒళ్ళుమంట. నాకూ అంతే. ఆ పాపమేదో ముందే గుర్తొచ్చి, ఆ చేతిని నెల రోజుల ముందే తీసుకొచ్చి ఉంటే సగం కేకలు ఉండేవే కావు.

ఒకసారి ఒక కుర్ర డాక్టరు ఆ కేకలు భరించలేక అడిగాడు: "ఇంత హింస అవసరమా అక్కా?"

"హింస అవసరం కాదు డాక్టరుగారూ. చెయ్యి తెరుచుకోవడం అవసరం. దానికి ఎంత నొప్పి కావాలో అంతే పెడతాను. ఆపైన ఒక్క పిసరు ఎక్కువ పెట్టినా, ఆ రోజు నుంచి నేను నిజంగానే రాక్షసిని" అంది.

ఆ 'ఎంత' అన్నదే ఆమె చదువంతా. పట్టు వదలగానే పోయే నొప్పి పనిచేసే నొప్పి. వదిలాక కూడా సలిపేది పాడుచేసే నొప్పి. మనిషి తిడుతున్నంతసేపూ ఆమె చెవి ఆ గొంతు మీదే ఉంటుంది. తిట్టు ఏ అంకె దగ్గర మొదలైంది, ఎక్కడ పైకెక్కింది, వదలగానే ఆగిందా లేదా, అన్నీ చూసుకుంటుంది. గోడ మీది రెండో నియమం సరదాకి పెట్టింది కాదు.

చెయ్యి బాగైందని తేల్చడానికి ఆమె దగ్గర ఒకటే పరీక్ష. బల్ల మీద మందుల చీటీ ఒకటి పెట్టి, దాని మీద అరచేయి ఆనించమంటుంది. తర్వాత చీటీ కొస పట్టుకుని లాగుతుంది. అరచేయి కింద సందు ఉంటే చీటీ జారి వచ్చేస్తుంది. చెయ్యి పూర్తిగా పరుచుకుంటే కాగితం రాదు, చిరుగుతుంది. చిరిగిన ఆ రోజు సగం ముక్క చెయ్యి గలవాళ్ళకి, సగం ఆమె బిస్కెట్ల డబ్బాలోకి. ఇప్పుడు నడుస్తున్నది మూడో డబ్బా. నిండిన రెండూ ఇంట్లో బీరువా మీద ఉన్నాయి. ఇంటికి ఎవరొచ్చినా మూత తీసి చూపించకుండా పంపదు.

చిరగని చీటీ ఒకటుంది. అది ఆమె చెల్లెలిది.

ఇరవై రెండేళ్ళ కిందటి మాట. రాక్షసక్కకు అప్పటికింకా ఆ పేరు రాలేదు. ఉద్యోగంలో చేరి రెండేళ్ళు. మరుగుతున్న నీళ్ళ గిన్నె జారి పంతొమ్మిదేళ్ళ చెల్లెలి ఎడమ అరచేయి కాలింది. ఇంట్లోనే, మంచం మీద కూర్చోబెట్టి అక్కే సాగదీసేది. తలుపు దగ్గర అమ్మ కొంగు నోట్లో కుక్కుకుని నిలబడేది. "అక్కా, నీ కాళ్ళు పట్టుకుంటానే, ఈ ఒక్క రోజుకీ వద్దే" అనేది చెల్లెలు. "సరేలే, ఈ రోజుకి చాలు" అనేది అక్క. ఆ ఒక్క రోజులు వారానికి మూడయ్యాయి, నాలుగయ్యాయి. ఆఖరికి ఉంగరపు వేలు, చిటికెన వేలు అరచేతిలోకి వంగి అక్కడే ఉండిపోయాయి. తర్వాత ఆపరేషన్ చేయించినా లాభం లేకపోయింది.

చెల్లెలు బస్సు కండక్టరైంది. టికెట్ల కట్ట ఆ వంగిన రెండు వేళ్ళ మధ్య దోపుకుంటుంది. బస్సు ఎంత కుదిపినా జారదు. ఎవరైనా ఆ వేళ్ళకేసి చూస్తే "మా అక్క కుట్టించిన జేబు" అని తనే నవ్వేస్తుంది. చుట్టూ ఉన్నవాళ్ళు కూడా నవ్వుతారు. అక్క మాత్రం ఆ జోకుకి ఇన్నేళ్ళలో ఒక్కసారీ నవ్వలేదు.

ఆ కండక్టరుకి ఒక్కగానొక్క కూతురు. ఎనిమిదేళ్ళది. ఇంట్లో, బళ్ళో, వీధిలో అందరూ గడుగ్గాయి అనే పిలుస్తారు. తన యూనిఫాం తనే ఇస్త్రీ చేసుకుంటానని బయల్దేరి, జారిపడుతున్న ఇస్త్రీపెట్టెను నేల తాకకుండా పట్టేసుకుంది. పట్టుకుంది కుడిచేత్తో, కాలే వైపున. పుండు మానడానికి నెలన్నర పట్టింది. మానుతూనే వేళ్ళు వంగడం మొదలుపెట్టాయి.

పిల్లని తీసుకొచ్చిన రోజు రాక్షసక్క ఆ చేతిని చాలాసేపు చూసింది. తర్వాత చెల్లెల్ని పక్కకు పిలిచింది.

"ఊరవతల ఆసుపత్రిలో నాకు తెలిసినాయన ఉన్నాడే. మంచి పనిమంతుడు. ఆయనకి చెప్తాను."

"ఏం, నీ చేతులకేమైంది?"

"సొంత పిల్ల. నా వల్ల కాకపోతే?"

కండక్టరు తన ఎడమచేయి తెచ్చి అక్క కళ్ళ ముందు పెట్టింది. "ఇది నీ దగ్గర మూసుకుపోయింది. దాని చెయ్యి నీ దగ్గరే తెరుచుకోవాలి. ఇంకెక్కడికీ తీసుకెళ్ళను."

రాక్షసక్క వెళ్ళి మైనం తొట్టి స్విచ్ వేసింది.

గడుగ్గాయి తిట్లు ఆ గదికే వన్నె తెచ్చాయి. "పెద్దమ్మా, నీ జడ ఊడిపోవాలి! నీ మైనంలో నువ్వే పడాలి! నీ చెప్పు కుక్క ఎత్తుకుపోవాలి! రెండూ కాదు, ఒక్కటే! అప్పుడు తెలుస్తుంది నీకు!" ఆ ఒక్క చెప్పు మాటకి బెంచీ మీదివాళ్ళు పొట్టలు పట్టుకుని నవ్వారు. రాక్షసక్క మాత్రం పదహారు, పదిహేడు అని లెక్కపెడుతూనే ఉంది. రోజూ సాయంత్రం చీటీ పెట్టి చూసేది. జారి వచ్చేసేదే గానీ, కాస్త కాస్తగా పట్టి పట్టి వస్తోంది. నెల తిరిగేసరికి సందు సగమైంది.

అప్పుడు పిల్ల తిట్టడం మానేసింది.

మొదటి రోజు రాక్షసక్క సంబరపడింది, నొప్పి తగ్గిందనుకుంది. రెండో రోజు "ఏమే, నీ తిట్ల సంచీ ఖాళీ అయిపోయిందా?" అని ఆటపట్టించింది. పిల్ల పలకలేదు. మూడో రోజు పది దాకా లెక్కపెట్టి మొహం చూసింది. నుదుటి నిండా చెమట. కింది పెదవి పళ్ళ కింద నలుగుతోంది. పదకొండు అనబోయి, వదిలేసింది.

డ్యూటీ దిగి అప్పుడే వచ్చిన కండక్టరు గుమ్మంలో నిలబడి అంతా చూసింది.

"ఇరవై కాలేదు" అంది.

"ఈ రోజుకి చాలు."

ఆ మాటలే. ఇరవై రెండేళ్ళ తర్వాత అవే మాటలు. కండక్టరు మొహం కందగడ్డలా అయిపోయింది.

"చాలా? మళ్ళీ మొదలెట్టావా? ఊళ్ళోవాళ్ళందరికీ రాక్షసివి, మా దగ్గరికొచ్చేసరికి దేవతవైపోతావేం? ఎవడిక్కావాలి నీ జాలి? పట్టుకో దాని చెయ్యి!"

రాక్షసక్క లేవలేదు, గొంతూ పెంచలేదు. పిల్ల ఉంగరపు వేలిని మెల్లిగా ఎత్తి దాని మొదలు చూసింది. ముడతలో చర్మం చిట్లి ఉంది. చుట్టూ ఎర్రగా, ముట్టుకుంటే వేడిగా. రెండు మూడు రోజుల నాటిది.

"ఇది ఎప్పుడైందమ్మా?"

పిల్ల తల్లివైపు చూసింది.

"చెప్పు, ఎవరూ ఏమనరు."

"మొన్న. అమ్మ అరవొద్దంది. నేనేడిస్తే నీకు జాలేస్తుందట. నీకు జాలేస్తే నా చెయ్యి అమ్మ చెయ్యిలా అయిపోతుందట." అంతదాకా బిగబట్టిందంతా అప్పుడు ఒక్కసారిగా బయటపడింది. పెద్దమ్మ భుజంలో మొహం దాచుకుని వెక్కివెక్కి ఏడ్చింది.

కండక్టరు మూడో కుర్చీలో కూలబడింది. కూతురి చెయ్యి తనలా కాకూడదనే ఆమె ఆ నోరు మూయించింది. ఆ భయంలో, నొప్పి చెప్పకపోతే పట్టుకున్నవాళ్ళకి ఏమీ తెలియదన్న సంగతి ఆమెకు తట్టలేదు. రెండు రోజులు మోసపోయింది రాక్షసక్క కూడా. ఆ తప్పు ఆమె ఎవరి మీదకీ నెట్టలేదు.

"చూడవే" అంది చెల్లెలితో, పిల్ల వీపు నిమురుతూ. "ఆ రోజుల్లో నీ ఏడుపు చూళ్ళేక ఆపేశాను. నీ కోసం కాదు, నా కోసం ఆపాను. నా ప్రాణం సుఖంగా ఉండాలని. ఈ రోజు దీని కోసం ఆపుతున్నాను. ఇంకో పది అంకెలు పట్టుకుంటే ఈ చిట్లింది మొత్తం తెగేది. మళ్ళీ పుండు, మళ్ళీ మచ్చ."

కండక్టరు పిల్ల చేతిని దగ్గరికి తీసుకుని చిట్లినచోట చూసింది. తర్వాత, "ఇన్నేళ్ళకా చెప్పడం?" అంది. గొంతులో కోపం లేదు.

"నువ్వు జేబు జేబు అని నవ్విస్తుంటే ఎప్పుడు చెప్పను?"

తొమ్మిది రోజులు సాగదీయడం ఆపారు. చెయ్యి వంగిపోకుండా ప్లాస్టిక్ పలక కట్టి ఉంచారు. అయినా కొంత వెనక్కి పోయింది. చిట్లినచోట మానాక చీటీ పెడితే తేలిగ్గా జారి వచ్చేసింది. రాక్షసక్క మళ్ళీ మైనం తొట్టి స్విచ్ వేసింది. మైనంలో ముంచింది, నూనె రాసింది, పట్టుకుంది. ఒకటి, రెండు, మూడు. నాలుగో అంకె దగ్గర "పెద్దమ్మా, నీ డబ్బాలో చీటీలన్నీ చెదలు తినెయ్యాలి!" అని గడుగ్గాయి గొంతు కారిడారంతా మోగింది.

బయట బెంచీ మీద కండక్టరు కొంగుతో కళ్ళు తుడుచుకుని, "ఇంకా గట్టిగా అనవే!" అని లోపలికి కేకేసింది.

మరో మూడు నెలలకి, ఒక మధ్యాహ్నం, బల్ల మీద చీటీ, చీటీ మీద చిన్న అరచేయి. రాక్షసక్క కొస పట్టుకుని లాగింది. రాలేదు. ఇంకాస్త గట్టిగా లాగింది. పర్రుమని చిరిగింది. ఎన్నో వందలసార్లు విన్న చప్పుడే. అయినా ఆ రోజు ఆమె చేతిలోని ముక్కను వెలుతురుకి పట్టి చూసింది. నేను సాధించాను అని మనసులో అనుకుంది. ఒక్కసారి కాదు, మూడుసార్లు అనుకుంది. అనుకోవడానికి ఆమెకు హక్కుంది.

గడుగ్గాయి తన ముక్క లాక్కుని బెంచీ దగ్గరికి పరిగెత్తి, కనపడ్డవాళ్ళందరి ముందూ అరచేయి చాపింది. "మా పెద్దమ్మ రాక్షసి, తెలుసా? అసలు రాక్షసి!" అని చెప్పుకుంది. ఆ రోజే కొత్తగా వచ్చి వణికిపోతూ కూర్చున్న ఒక వడ్రంగి ఆ చేతిని తిప్పి తిప్పి చూశాడు.

రాక్షసక్క రెండో ముక్క వెయ్యబోతూ డబ్బా మూత తీసింది. "అక్కా, అది నాకివ్వు" అంది కండక్టరు. రెండో ముక్క డబ్బాలోకే పోవాలన్నది ఇరవై నాలుగేళ్ళ పద్ధతి. రాక్షసక్క మూత పెట్టేసి ముక్క చెల్లెలి చేతిలో పెట్టింది. చెల్లెలు దాన్ని నాలుగు మడతలు పెట్టి, ఎడమచేతి వంగిన వేళ్ళ మధ్య దోపుకుంది.

సాయంత్రం ముగ్గురూ ఒకే బస్సెక్కారు. చెల్లెలికి అది డ్యూటీ బస్సు. పెద్దమ్మ, పిల్ల ముందు సీట్లో కూర్చున్నారు. కిక్కిరిసిన బస్సులో టికెట్లు కొడుతూ వస్తుంటే, ఒక పెద్దాయన ఆమె వేళ్ళ మధ్య టికెట్ల కట్టతో పాటు ఉన్న చిరుగు కాగితం చూసి, "అదేంటమ్మా, పడిపోతుందేమో" అన్నాడు.

రాక్షసక్క అలవాటుకొద్దీ తల కిటికీ వైపు తిప్పేసుకుంది. ఆ జేబు జోకు వస్తుందనుకుంది.

"పడదండీ" అంది కండక్టరు. "అది మా అక్క పని. ఆ ముందు సీట్లో కూర్చుంది చూడండి, ఆవిడే."

బస్సులో సగం మంది ఆమె వైపు తిరిగారు. రాక్షసక్క కిటికీ వైపు నుంచి తల తిప్పి, వాళ్ళందరి మొహాల్లోకీ తిన్నగా చూసింది.