పై చేప

మా అమ్మ రాజమండ్రి మార్కెట్లో చేపలమ్ముతుంది. బుట్టలో పైన పెట్టే చేపను ఆమె ఎంచినంత జాగ్రత్తగా మా చుట్టాల్లో ఎవరూ అల్లుణ్ణి కూడా ఎంచలేదు. కొనేవాళ్ళు ఆ ఒక్కదాని మొప్ప ఎత్తి, ఎర్రగా ఉందని తృప్తిపడి, కిందవి కూడా తూయించుకుని పోతారు. కిందవి మరీ పాడైనవి కావు. కాస్త అనుభవం ఉన్న చేపలు, అంతే.

అందుకే ఆపరేషన్‌కి ముందురోజు డాక్టరమ్మ చెప్పింది అమ్మకు రుచించలేదు. రొమ్ములో క్యాన్సర్ గడ్డ ఎలాగూ తీసేస్తారు. చంకలోకి పాకిందా లేదా అన్నదే తేలాలి. చంకలో చిన్న చిన్న గ్రంథులు బోలెడుంటాయట. రొమ్ములోకి నీలం మందు ఎక్కిస్తే అది ముందు ఒకటి రెండు గ్రంథులకు చేరుతుందట. వాటినే తీసి, ఆపరేషన్ జరుగుతుండగానే ల్యాబ్‌లో చూస్తారు. జబ్బు లేకపోతే మిగతావి ముట్టుకోరు. ఉంటే చాలావరకు తీసేయాలి, అప్పుడు కుడిచెయ్యి వాచిపోవచ్చు. అమ్మ బుట్ట ఎత్తేది ఆ చేత్తోనే.

డాక్టరమ్మ వార్డు దాటగానే అమ్మ నా మోచెయ్యి పట్టుకుంది.

“ఒకటో రెండో చూసి బాగుందనేత్తారంట! పై చేప చూపించి జనాన్ని పంపేసేది నేను. నన్నే పంపేత్తారా? అడుగు నుంచి కూడా ఒకటి తియ్యమని చెప్పు.”

“డాక్టర్‌కి అలా చెప్తారేంటమ్మా?”

“అన్నేసి పుస్తకాలు చదువుతావు, ఈ ముక్క అడగలేవా? అడక్కపోతే నేను బల్లెక్కను.”

ఆటో ఆపమని అడగడానికి సిగ్గుపడి, ఎక్కడో దిగి వెనక్కి నడిచొచ్చే మనిషిని నేను. డాక్టరమ్మ గది తలుపు దగ్గర నిలబడి వాక్యాన్ని మనసులోనే తిరగరాసుకున్నాను. ఎంతో మర్యాదగా తయారైంది. లోపలికి వెళ్ళాక నోట్లోంచి వచ్చింది మాత్రం, “మేడం, అడుగు చేప కూడా చూడాలండి.”

ఆవిడ కళ్ళజోడు తీశారు. నేను బుట్ట రహస్యంతో సహా అంతా చెప్పేశాను. ఆవిడ లేచి నా వెంట వార్డుకొచ్చారు.

“ఏమ్మా, పోయిన ఆదివారం నేను కొన్న బొచ్చె చేపలు మీ దగ్గరివేనా?”

“ఆదివారం నేను కూర్చోలేదండి,” అంది అమ్మ రెప్ప వెయ్యకుండా.

“సరే. మీ బుట్ట మీరు సర్దుతారు. చంకలో ఎవరూ సర్దరు కదమ్మా. ఆ రంగు మంచిదాన్ని వెతుక్కుంటూ పోదు. జబ్బు పాకే దారినే పోతుంది. పాడైతే ముందు పాడయ్యేదాన్నే మేం తీసేది.”

అమ్మ గాల్లోనే బొటనవేలితో చేపను నొక్కి చూసింది.

“అంటే ముందు మెత్తబడేదాన్నే చూత్తారన్నమాట.”

“అదేనండి.”

“మరలా చెప్పాలిగానీ, గ్రంథులంట గింథులంట!”

మర్నాడు థియేటర్ బయట నేనూ, మా పిన్నీ కూర్చున్నాం. పిన్ని కొబ్బరికాయతో మొదలుపెట్టి మొక్కులు పెంచుకుంటూ తలనీలాల దాకా వచ్చింది. అవి నా తలనీలాలు. కాదనలేదు. ఆ పూట నా జుట్టు నాకంత ముఖ్యంగా అనిపించలేదు.

తలుపు తెరుచుకుంది. డాక్టరమ్మ మాస్క్ దించారు.

“రెండు తీశాం. రెండింట్లోనూ లేదు. మిగతావి కదపలేదు.”

థాంక్స్ చెప్పాలో నమస్కారం పెట్టాలో తెలీక, నేను సెల్యూట్‌లాంటిదేదో చేశాను.

తర్వాత అమ్మకు మూత్రం ఆకుపచ్చగా వచ్చిందని పిన్ని కెవ్వుమంది. అది మందు రంగేనండీ అని నర్సు నవ్వింది. అమ్మ మాత్రం, ఆ వింత చూడ్డానికి ఎవరైనా వస్తారేమోనని, కాసేపు నీళ్ళు కొట్టనివ్వలేదు.

గాయం మాని, డాక్టరమ్మ సరేనన్నాక అమ్మ మళ్ళీ మార్కెట్లో కూర్చుంది. నేను బుట్ట ఓ పక్క పట్టబోతే నన్ను తోసేసి, కుడిచేత్తోనే పైకెత్తి బల్ల మీద పెట్టింది. మొదటి బేరం ఒక మాస్టారు. పై పండుగప్ప మొప్ప ఎత్తి చూసి, “కిందవి ఎలా ఉన్నాయమ్మా?” అన్నారు.

“పాడైతే ముందు పాడయ్యేది పైదేనండి. ఎండ తగిలేది దానికే కదా! అదే బాగుంటే కిందవి ముట్టుకోనక్కర్లేదు. పెద్ద డాక్టర్లు కూడా ఇలాగే చూత్తారండి. కావాలంటే మా అమ్మాయినడగండి.”

మాస్టారు నా వైపు తిరిగారు. నేను వైద్యశాస్త్రం మొత్తం తరఫున, కళ్ళు దించుకుని, తలూపాను.