హోర్డింగు మీద పడ్డ అసలు పేరు

పొద్దున ఆరు కావస్తోంది. ఎడారి వైపు నుంచి పొడిగాలి ఒకటే కొడుతోంది, పెదాలు పగిలిపోతున్నాయి. సన్‌సెట్ రోడ్డు మీద, నేలకి నలభై అడుగుల ఎత్తున, హోర్డింగు ముందున్న ఇరుకు చెక్క మీద నిలబడ్డ నజారియోకి ఆకలితో కడుపు కాలిపోతోంది. పెళ్లాం కట్టిచ్చిన మొక్కజొన్న పిండి తమాలెలు కింద ట్రక్కులో చల్లారిపోతున్నాయి. ఒకసారి ఎక్కితే పనయ్యేదాకా దిగేది లేదు.

"పట్టీ విప్పి కొస పట్టుకో కొంపాద్రే, గాలికి లేచిపోద్ది," అన్నాడు పక్కనున్న ఎఫ్రేన్‌తో.

ఎఫ్రేన్ విప్పలేదు. చుట్ట చుట్టిన పట్టీని చంకలో పెట్టుకుని అలాగే నిలబడ్డాడు. వాడి వెనకాల హోర్డింగు నిండా వాడి మొహమే. ఒక్కో కన్నూ ట్రక్కు చక్రమంత ఉంది.

ఆ మొహం అక్కడికెలా ఎక్కిందంటే, రెండేళ్ల కిందట సినిమాలు తీసే ఒకమ్మాయి రోడ్డవతల కాఫీ తాగుతూ వీళ్లు ఫ్లెక్సీ బిగించడం చూసింది. గంటసేపు చూసి, దిగాక ఎఫ్రేన్ని పక్కకి పిలిచింది. కూతురు వస్తుందని బస్టాండులో రోజూ కూర్చునే తండ్రి వేషం. మాటలు నాలుగో అయిదో. పదకొండు రోజులు చేసి మళ్లీ హోర్డింగుల యార్డుకి పనిలోకొచ్చేశాడు. కొన్నాళ్లు అందరూ "హీరోగారొచ్చారు, కుర్చీ వెయ్యండి" అని ఆటపట్టించి ఊరుకున్నారు. చిన్న సినిమా, ఎవడు చూస్తాడులే అనుకున్నారు. వాడూ అదే అనుకున్నాడు.

డిసెంబరొస్తే ఈ రోడ్డంతా ఆస్కార్ కావాలనే సినిమాలే. ఓట్లేసేవాళ్లు ఇటే కార్లలో తిరుగుతారు మరి. ఒక వారం ఒక ఊరి విమర్శకులు, ఇంకో వారం ఇంకో ఊరి విమర్శకులు కూర్చుని ఫలానా సినిమా, ఫలానా నటుడు గొప్ప అని తేలుస్తారు. తేల్చారో లేదో ఆ సినిమా కంపెనీవాళ్లు బహుమతి పేరూ మనిషి పేరూ వేసిన పొడుగాటి పట్టీ పంపుతారు. తెల్లారి జనం రోడ్డెక్కేలోగా దాన్ని హోర్డింగు అడుగున అంటించాలి. క్రిస్మస్ దాకా ఒక్క పట్టీ కూడా రాని సినిమా ఫ్లెక్సీని చింపి దింపెయ్యాలి. అదీ వీళ్ల పనే.

అందుకే పోటీలో ఎవరు నెగ్గుతారో నజారియో చెప్పేవాడు. ఒక పట్టీ పడితే గాలివాటం అనేవాడు. రెండు పడితే ఆలోచించాలి. మూడు పడ్డాయంటే జనవరిలో ఆస్కార్ జాబితాలో పేరున్నట్టే. పంతొమ్మిది డిసెంబర్లలో తప్పింది రెండు సార్లే. యార్డులో వాడి మాట మీద బీరు పందేలు కాసుకునేవాళ్లు.

ఆ పొద్దున నజారియోనే పట్టీ లాక్కుని విప్పాడు. ఉత్తమ సహాయ నటుడు, న్యూయార్కు విమర్శకులు. కింద మనిషంత అక్షరాల్లో: క్రిసాంతో బెసెర్రా.

"ఎవడ్రా ఈ క్రిసాంతో? నీ మొహం కింద ఇంకెవడి పేరో వేశారు. ఫోన్ చేసి చెప్దాం ఆగు."

"తప్పు పడలేదు," అన్నాడు ఎఫ్రేన్. "అది నా పేరే."

నజారియో నవ్వబోయి ఆగాడు.

"ఎఫ్రేన్ లుసేరో మా అక్క మొగుడు. ఊరెళ్లి అక్కడే చచ్చిపోయాడు. ఈ దేశంలో పనిచెయ్యడానికి ఆయనకున్న కాగితాలు ఇక్కడుండిపోయాయి. నాకు కాగితాల్లేవు, వాటితోనే పనిలో చేరాను."

"మరి సినిమావాళ్లకి ఆ పేరెందుకు చెప్పలేదురా సన్నాసీ?"

"ఆ వేషంలో నేను చేసింది మా నాన్ననే కొంపాద్రే. మా నాన్నలా కూర్చుని, ఆయన పెట్టిన పేరు కాదని ఇంకోడి పేరు ఎలా చెప్పను? నోరు రాలేదు."

కింద బస్సు పోతే చెక్క అదిరింది. పట్టీ అంటించకుండా దిగలేరు. నజారియో ఒక కొస పట్టుకున్నాడు. రెండో కొస నుంచి ఎఫ్రేన్ రబ్బరు బద్దతో తన పేరుని తానే, ఒక్క బుడగ లేకుండా, నున్నగా ఒత్తుకుంటూ వచ్చాడు. వాడి పనిలో వంక పెట్టడానికి ఎప్పుడూ ఏమీ ఉండేది కాదు.

ట్రక్కులో కూర్చున్నాక నజారియో తిండి ముట్టలేదు. "నా పిల్లకి బాప్తిస్మంలో నువ్వు జ్ఞానతండ్రివి, అందుకే మనం కొంపాద్రేలం. చర్చి పుస్తకంలో సంతకం పెట్టావు. ఆ పేరెవరిది?"

"బావది."

"అంటే నా పిల్లకి జ్ఞానతండ్రి చచ్చినోడు."

రెండు రోజులు వాళ్ల మధ్య పనికి కావలసిన మాటలే నడిచాయి. అటు, ఇటు, లాగు, వదులు.

రెండో పట్టీ ఈ ఊరి విమర్శకులే ఇచ్చారు. యార్డులో అందరూ వాడి వీపు చరిచారు. ఫోర్‌మన్ వాజ్గెన్ మాత్రం టీ గ్లాసు పట్టుకుని వాడి ముందుకొచ్చి నిలబడ్డాడు.

"ఎఫ్రేన్, నీకు కవల తమ్ముడేమన్నా ఉన్నాడా? హోర్డింగు మీద వేరే పేరుందేంటి?"

"సినిమావాళ్లు పెట్టుకున్న పేరులే వాజ్గెన్," నజారియో అడ్డం పడ్డాడు. "లుసేరో అంటే స్టైల్‌గా లేదంట."

"బెసెర్రా అంటే ఉందా?" వాజ్గెన్ నవ్వలేదు. గొంతు తగ్గించాడు. "పేపరోళ్లు ఆఫీసుకి ఫోన్ చేశారు. క్రిసాంతో బెసెర్రా మీ దగ్గరే పనిచేస్తాడంట కదా, ఫొటో తీసుకుంటాం అని. మా దగ్గర అలాంటోడు లేడు అంది ఫోనెత్తిన పిల్ల. ఇప్పుడు ఓనరు సోమవారం అందరి కాగితాలూ మళ్లీ చూస్తానంటున్నాడు. నేను చెప్పానని అనకండి."

ఆ తర్వాత నుంచి ఎఫ్రేన్ రోజూ అదే అడిగేవాడు. "ఏమంటావు? ఇంతటితో ఆగుద్దా?"

"ఆగుద్ది. రివ్యూలు రాసేవాళ్ల లెక్క వేరు, ఆస్కారోళ్ల లెక్క వేరు. వీళ్లు నెత్తినెట్టుకున్నోళ్లని వాళ్లు కన్నెత్తి చూడరు."

అబద్ధం చెప్పడం నజారియోకి చేతకాదు. చెప్పేటప్పుడు రోడ్డు వైపు చూసేవాడు.

శుక్రవారం మధ్యాహ్నం సినిమా కంపెనీ నుంచి మెసేజ్ వచ్చింది. బోస్టన్ విమర్శకులూ వాడికే ఇచ్చారు, పట్టీ సోమవారం వస్తుంది. ట్రక్కు యార్డులో ఆపాక నజారియో తాళం చెవి తియ్యలేదు.

"మూడోదా?" అన్నాడు ఎఫ్రేన్.

"ఊఁ."

"నా కళ్లలోకి చూసి నిజం చెప్పు కొంపాద్రే. బీరు పందెం కాసేటప్పుడు చెప్తావే, అలా చెప్పు."

నజారియో చూశాడు. పంతొమ్మిదేళ్లుగా పక్కన నిలబడి తాడు పట్టుకున్న మనిషి. వాడి తాడు వీడి చేతిలో, వీడి తాడు వాడి చేతిలో.

"ఇక ఆగదు. జనవరిలో నీ పేరు చదువుతారు. ప్రతి పేపరోడూ నువ్వెక్కణ్ణుంచి వచ్చావని అడుగుతాడు."

"సరే." డోరు తీసుకుని దిగాడు. "పాపకి దగ్గు తగ్గిందా?"

"తగ్గింది."

"మంచిది," అని నడుచుకుంటూ పోయాడు.

సోమవారం అయిదింటికి నజారియో వాడి గది ముందు ట్రక్కాపి హారన్ కొట్టాడు. రెండోసారి కొడితే ఇంటావిడ శాలువా కప్పుకుని గుమ్మంలోకొచ్చింది.

"నిన్న పొద్దునే సంచి తీసుకుని పోయాడు. నీకు చెప్పలేదా?"

"లేదు."

"నాకూ చెప్పలేదయ్యా. గది మాత్రం కడిగేసి పోయాడు."

ఆవిడ లోపలికెళ్లి తలుపేసుకుంది. నజారియో ఇంజను ఆపకుండా ఇంకో పావుగంట అక్కడే కూర్చున్నాడు. ఏ ఊరెళ్లాడో, అక్కడ ఏ పేరుతో అడగాలో వాడికి తెలీదు.