తాళం తీస్తేనే పాఠం

మానవ హక్కుల గురించి బడిపిల్లలకు ఎలా చెప్పాలో టీచర్లకు నేర్పడం నా పని. కిరండూల్ ఇనుప గని కాలనీలో పుట్టి పెరిగినదాన్ని. యంత్రాల రొదలో మాట్లాడి మాట్లాడి నా గొంతు పెద్దదైపోయింది. "కాస్త మెల్లగా మాట్లాడవే" అని మా అమ్మ చెప్పీ చెప్పీ విసిగిపోయింది.

ఆసారి టీచర్లకు శిక్షణ తోంగ్‌పాల్ ఊరు దాటాక రోడ్డు పక్కనున్న ఆడపిల్లల ఆశ్రమ పాఠశాలలో. పిల్లలు అక్కడే ఉండి చదువుకుంటారు. మధ్యాహ్నం భోజనాల దగ్గర వాళ్లను చూశాను. అన్నం, పప్పు శుభ్రంగా తింటున్నారు గానీ, అంత ఎండలోనూ నీళ్ల జోలికి ఒక్కరూ పోవడం లేదు.

"ఏందే, నీళ్లు తాగవా?" అని నా పక్కనున్న ఆరో తరగతి పిల్లను అడిగాను. దోర్లా తెగ పిల్ల. నా తెలుగు దానికి, దాని మాట నాకు బాగానే అర్థమవుతాయి.

"తాగితే పోవాలె గద మేడం. ఏడికి పోవాలె?"

ఇదివరకు చెట్ల చాటు ఉండేదట. రోడ్డు వెడల్పు చేస్తూ చెట్లు కొట్టేశారు. ఇప్పుడు లారీలవాళ్లు హారన్ కొట్టి నవ్వుతారని చీకటి పడేదాకా బిగబట్టుకుంటున్నారు. కడుపునొప్పి, మంట, జ్వరం. అలా ఇంటికెళ్లిన ఒక పిల్ల మళ్లీ బడికే రాలేదు.

మరి బడి వెనక గులాబి రంగు వేసిన కొత్త మరుగుదొడ్లు ఉన్నాయి! తలుపులకు తాళాలు.

బడి సూపరింటెండెంటమ్మను అడిగితే, "ఇన్‌స్పెక్షన్ ఉంది మేడమ్. పిల్లలు ఖరాబు చేస్తే నోటీసు నాకే వస్తుంది" అంది హిందీలో.

"ఇన్‌స్పెక్షన్ ఎప్పుడు?"

"ఎప్పుడైనా రావచ్చు."

ఆవిడ గదికి మాత్రం వేరే బాత్రూం ఉంది. నాకు ఒళ్లు మండిపోయింది. పొద్దున్నుంచీ నేను చెబుతున్నదేమిటి? గౌరవంగా బతికే హక్కు! టీచర్లు కూర్చున్న హాల్లోకి వెళ్లి గోడ మీది హక్కుల చార్టు పీకేశాను.

"తాళం తీస్తేనే పాఠం. నచ్చనివాళ్లు బస్సెక్కండి" అన్నాను.

టీచర్లలో ఒక పెద్దాయన లేచి, "మనకెందుకు మేడమ్? పైవాళ్లకు చెబుదాం" అన్నాడు.

"మీ అమ్మాయికైతే అంతవరకూ ఆగమంటారా సార్?"

ఆయన చెప్పులేసుకుని బయటికి నడిచాడు. అలిగి వెళ్లిపోతున్నాడనే అనుకున్నాను. తిన్నగా వెళ్లి మరుగుదొడ్ల ముందు ఎండలో కూర్చున్నాడు. మిగతా టీచర్లూ వెళ్లి ఆయన పక్కన కూర్చున్నారు.

సూపరింటెండెంటమ్మ ఎవరెవరికో ఫోన్లు చేసింది. "మీ మీద రిపోర్టు పెడతా. ఈ జిల్లాలో మీకిక ట్రైనింగులుండవు" అంది నాతో.

"పెట్టుకోండి. పోతే నా పనే పోతుంది. తాళం తీసేదాకా ఇక్కణ్నుంచి కదలను."

సాయంత్రమవుతున్నా ఎవరూ లేవకపోయేసరికి ఆవిడే తాళాలు తీసింది, నన్ను తిట్టుకుంటూ. టీచర్లు బోరింగ్ కొట్టి బకెట్లతో నీళ్లు మోశారు. ఆ దోర్లా పిల్ల అందరికంటే ముందు లోపలికి దూరి గడియ వేసుకుంది.

కాసేపటికే సూపరింటెండెంటమ్మ తలుపు దబదబా బాదింది. "ఇంకెంతసేపు? గచ్చు పాడవుతుంది, బయటికి రా!"

"ఆగు మేడం!" అంది లోపలినుంచి ఆ పిల్ల, నాకంటే పెద్ద గొంతుతో. "ఇంకా కాలే!"

ఆవిడ ఆగింది.